హాపర్‌లో పిడికెడు

జూలై తొమ్మిది, బుధవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. షెడ్డులో వేడి ముప్పై ఒకటి, గాలిలో తేమ ఎనభై ఎనిమిది. ఈ అంకెల కింద ఆ రోజు డైరీలో నేను రాసుకున్న వాక్యం ఒక్కటే: మంట ఊపిరి తీసుకుంటోంది.

డైరీలో పోలికలు రాయడం నాకు అలవాటు లేదు. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాను. తేదీ, వేళ, కొలత, తేడా తప్ప మరేది రాసినా మరునాడు చదువుకుంటే అబద్ధంలా కనిపిస్తుంది. ఆ ఉదయం మాత్రం వేరే మాట దొరకలేదు. నల్లద్దం వెనుక, మెల్లగా తిరుగుతున్న షాఫ్టు మీద, బఠాణీ గింజంత తెల్లటి చుక్క నిలకడగా వెలగాలి. అది ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. దానితోపాటు నాజిల్ చప్పుడు కూడా మారింది. ఎండుటాకుల మీద సన్నటి ఇసుక జారినట్టు ఎడతెగకుండా వినిపించవలసిన ధ్వని కాసేపు ఆగుతోంది, లోపలికి పీల్చుకుంటోంది, తిరిగి వదులుతోంది. గడియారం చూసి లెక్కపెట్టాను. నిమిషానికి పద్దెనిమిది సార్లు. గాఢంగా నిద్రపోతున్న మనిషి కూడా ఇంచుమించు అంతే.

పదకొండు నిమిషాలు దాటాక ఉన్నట్టుండి అంతా సర్దుకుంది. చుక్క నిలిచింది. ఇసుక జారింది.

నా పక్కనే ఉన్న చాచా నల్లద్దం దించి, "విన్నవా బిడ్డా?" అన్నాడు.

"విన్న."

"ఇంతసేపు ఎవలో పండుకున్నట్టుండె. ఇప్పుడు లేచి పోయిండు."

ఆయన నవ్వుతూ అనలేదు.

మా షెడ్డు సిరోంచ దాటాక అహేరి రోడ్డు మీద ఉంది. రేకుల కప్పు, సిమెంటు నేల, ప్రాణహిత నది వైపు ఒకే ఒక కిటికీ. ముందు గదిలో లేత్, వెనుక గదిలో లేజర్ యంత్రం. అరిగిపోయిన షాఫ్టుల మీద లోహాన్ని పొరలు పొరలుగా పేర్చి వాటిని మునుపటి కొలతకు తేవడం మా పని. గనుల బండ్లవి వస్తాయి, గిర్నీలవి వస్తాయి, వానాకాలం ముందు నది ఒడ్డున నీళ్లెత్తే పంపులవి వస్తాయి. యజమాని సేఠ్ నాగేపల్లిలో ఉంటాడు, వారానికి రెండుసార్లు వచ్చిపోతాడు. మిగతా రోజుల్లో షెడ్డులో ఇద్దరమే. యంత్రం నడిపేది చాచా. తూకం, కొలత, రిజిస్టర్ నావి. చాచా కుటుంబం సిరోంచలో ఎన్నో తరాలుగా ఉంది. నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసి, అరవైకి దగ్గర పడుతుండగా లేజర్ నేర్చుకున్నాడు. నేను కూలి ఇంట్లో పుట్టి, డిప్లొమా చదివి, చంద్రపూర్‌లో కొన్నేళ్లు చేసి తిరిగొచ్చినదాన్ని. ఆయనను అందరూ చాచా అనే పిలుస్తారు. నాకు నలభై ఏడేళ్లు నిండినా ఆయనకు నేను బిడ్డనే.

ఈ పనిలో అందరి కళ్లూ వెలుగు మీదే ఉంటాయి. కష్టం మాత్రం పొడిలో ఉంది. పైన మూతతో ఒక స్టీలు గిన్నె ఉంటుంది, దాన్ని హాపర్ అంటాం. అందులోని లోహపు పొడి, అడుగున తిరిగే పళ్లెం గాడిలోకి జారుతుంది. ఆ గాడిలోంచి ఆర్గాన్ గ్యాస్ దాన్ని లాక్కుని సన్నటి గొట్టాల గుండా నాజిల్‌కు మోస్తుంది. నాజిల్ అంచున పొడి నలువైపుల నుంచి వచ్చి, వెలుగు షాఫ్టును తాకే చోటే కలుసుకుని కరుగుతుంది. పొడి తక్కువైతే వెలుగు షాఫ్టునే కొరికేస్తుంది. ఎక్కువైతే గింజలు వెలుగుకు అడ్డుపడి, సగం కరిగి, పైపైన అతుక్కుంటాయి. ఆగి ఆగి వస్తే రెండు కీడులూ వంతులవారీగా జరుగుతాయి, లోపల సూదిమొనంత చిల్లులు మిగులుతాయి. అందుకే డబ్బాను పొయ్యిలాంటి పెట్టెలో ఆరబెట్టి వాడతాం. యాభై గ్రాముల పొడిని గరాటాలో పోసి ఎన్ని సెకన్లలో జారిందో రోజూ రాస్తాను.

"లేజర్‌ది ఏమున్నది బిడ్డా, బటన్ నొక్కితే వస్తది," అనేవాడు చాచా. "ఈ పౌడరే కొత్తల్లుడు! జర చెమ్మ తగిల్తె అలుగుతడు. తిండి తక్కువైతె అలుగుతడు, ఎక్కువైతె ఇంకింత అలుగుతడు."

నది ఒడ్డు రైతులవి మూడు పంపు షాఫ్టులు ఒప్పుకున్నాం. జూన్ చివర చేసి పంపిన మొదటిది ఐదో రోజున తిరిగొచ్చింది. పేర్చిన లోహం ఒక కొసన పెచ్చులుగా లేచిపోయింది. మిగతా భాగం చెక్కుచెదరలేదు. మంట ఊపిరి తీసుకున్న రోజున చేసినది రెండోది. దాన్ని పంపే ముందు పరీక్ష చేయాలని పట్టుబట్టాను. చాచా లేత్ మీద నునుపు చేశాక ఎర్ర రంగు పూసి, పావుగంట ఆగి, తుడిచి, పైన తెల్లటి పూత చల్లాం. పగుళ్లు, చిల్లులు ఉంటే లోపలికి ఇంకిన ఎరుపు తెల్లదనంలోంచి పైకి వస్తుంది.

వచ్చింది. మొదట ఒక చుక్క, దాని పక్కన రెండు, ఆ తరవాత లెక్కకు అందనన్ని. తెల్లగుడ్డ కింద ఎవరికో గాయమై నెత్తురు ఊరుతున్నట్టు మెల్లగా, చప్పుడు లేకుండా వచ్చాయి. స్కేలు పెట్టి కొలిచాను. పని మొదలుపెట్టిన కొస నుంచి నలభై ఒక్క మిల్లీమీటర్ల దాకా. ఆ తరవాత ఒక్క చుక్క లేదు. గీత గీసినట్టు తెలుపు.

గురువారం సేఠ్ వచ్చి షాఫ్టును చూశాడు, పౌడర్ డబ్బాల వరసను చూశాడు. అవి అయిపోవలసిన దానికంటే ముందే అయిపోతున్నాయని అతనికి నెల రోజులుగా అనుమానం. నన్ను చూడకుండా చాచానే చూస్తూ మాట్లాడాడు.

"చిల్లులు వడ్తున్నయి. డబ్బాలేమో జల్ది ఖాళీ అయితున్నయి. పౌడర్ ఎటు పోతున్నది చాచా? తాళంచెవి నీ తాననే ఉంటది గద."

చాచా చెయ్యి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది.

"మూడో షాఫ్టు మంగళారం ఇయ్యాలె. నార్లు ఎండుతున్నయని రైతులు పరేషాన్ ఉన్నరు. అది సుత గిట్లనే అయితె, నువ్వు ఇగ ఇంట్ల కూసో. మిషిన్ చంద్రపూర్ పంపుత."

అతను వెళ్లాక చాచా కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. శుభ్రంగా ఉన్న చేతులే. తుడుచుకోకుండా తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"పని పోతె పోనీ బిడ్డా. నలభై ఏండ్ల చెయ్యి ఇది. పోయెటప్పుడు దొంగ చెయ్యి అనిపించుకోని పోవాల్నా?"

నాకు తెలిసిన ఓదార్పు లెక్క ఒక్కటే. రిజిస్టర్ ముందు వేసుకుని కూర్చున్నాను.

బుధవారం హాపర్‌లో పోసింది మూడువేల గ్రాములు. సాయంత్రం మిగిలింది ఎనిమిది వందల ఇరవై. అంటే ఖర్చు రెండువేల నూట ఎనభై. షాఫ్టు పెరిగిన బరువు పదహారు వందల ముప్పై. కింద పళ్లెంలో ఊడ్చినది ఏడు వందల ఇరవై. రెండూ కలిపితే రెండువేల మూడు వందల యాభై.

మళ్లీ కలిపి చూశాను. పొడి పోయిందని సేఠ్ అంటున్నాడు. లెక్క ప్రకారం పోయింది కాదు, వచ్చింది. మేము పోసినదానికంటే నూట డెబ్బై గ్రాములు ఎక్కువగా నాజిల్‌లోంచి బయటికి వచ్చింది.

వెనక్కి తిప్పాను. జూన్‌లో, మేలో, ఏప్రిల్‌లో, చిన్న పని అయినా పెద్ద పని అయినా, అదే నూట డెబ్బైకి అటూ ఇటూ. ప్రతి పేజీలో దాని పక్కన నా చేతిరాతతోనే 'కాంటా పొరపాటు' అని ఉంది. ప్రతిసారీ ఒకే దిక్కుకు, ఒకే బరువుకు జరిగేది పొరపాటు కాదని నాలుగు నెలలుగా నాకు తోచనందుకు ఆ పూట సిగ్గుపడ్డాను. రెండో లెక్క వేశాను. నూట డెబ్బై గ్రాముల పొడి, నిమిషానికి పదిహేను గ్రాముల చొప్పున నడిస్తే, పదకొండు నిమిషాల ఇరవై సెకన్లకు అయిపోతుంది. షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇరవై ఐదు సెకన్లు, చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు జరుగుతుంది. ఆ లోపు ఇరవై ఏడు చుట్లు. నలభై మిల్లీమీటర్ల పైన కొంచెం.

ఊపిరి తీసుకున్నదీ, నెత్తురు ఊరినదీ, లెక్కకు ఎక్కువ వచ్చినదీ ఒకటే. అది మేము పొయ్యకముందే హాపర్ అడుగున ఉంది.

ఇన్నాళ్లూ ఎవరమూ అడుగు చూడలేదు. పొద్దున మూత మధ్యలోని బిరడా తీసి, గరాటా పెట్టి పోస్తాం. మూత విప్పేది సాయంత్రమే, అదీ మిగిలినది దించి తూచడానికి. శుక్రవారం ఉదయం మూత విప్పి టార్చి వేశాను. నడిమధ్యన బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది. రాశిలా జారి ఉండవలసిన పొడి జారలేదు, తేమకు బిగుసుకుని పడిన రూపంలోనే ఉంది. ఒక పక్క నాలుగు వేళ్ల పల్లాలు, ఇంకో పక్క ఒకటి.

చాచా వంగి చూసి వెంటనే నిటారుగా అయ్యాడు. "నిన్న నేను తలకిందులు జేసి దులిపిన. బ్రష్ కొట్టిన. నువ్వు చూసినవు."

చూశాను. తూచాను. నూట అరవై తొమ్మిది. గరాటాలో పోస్తే జారలేదు. డబ్బాలోని ఆరిన పొడి పదహారు సెకన్లలో జారిపోయింది, ఇది గరాటా మెడలో కదలకుండా కూర్చుంది. ఎండాకాలంలో ఇదే పిడికెడు పొడిగా ఉండి ఎవరికీ కనబడకుండా కరిగిపోయిందన్నమాట. వానలు పడి, ప్రాణహిత మీది చెమ్మ రాత్రంతా షెడ్డులో నిలవడం మొదలయ్యాక ఉండలు కట్టింది. అడుగున ఉన్నదే ముందు దిగుతుంది గనుక ప్రతి షాఫ్టు మొదలూ దానితోనే అవుతోంది. ఎట్లా చెడుతోందో అంతా అర్థమైంది. ఎవరు పెడుతున్నారన్నది తప్ప.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఖాళీ చేశాం. మేము రోజూ చేసే వరస ఇది: చాచా మిగిలిన పొడిని పళ్లెంలోకి వంచుతాడు, హాపర్‌ను బ్రష్‌తో దులిపి తిరిగి బిగిస్తాడు, సాయంత్రపు అసర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళ్తాడు. నేను పళ్లెం తూచి, రాసి, పొడిని డబ్బాలోకి ఎత్తి, హాపర్ మూత బిగిస్తాను. ఆయన వరండాలో చాప మడిచేసరికి నేను చెప్పులు వేసుకుంటాను. ఆయన తాళం వేస్తాడు. శుక్రవారం నేను లోపల టార్చి వేసి చూశాను. అద్దంలా ఉంది. 'ఖాళీ' అని రాసి, పక్కన వేళ వేశాను. ఐదు గంటల ఎనిమిది నిమిషాలు.

శనివారం పొద్దున ముద్ద ఉంది. నూట డెబ్బై రెండు గ్రాములు. నాలుగు పల్లాలు, ఒకటి.

చాచా ఈసారి దగ్గరికి రాలేదు. గడప దగ్గరే ఆగి, ఇది మన పని కాదేమోనని మెల్లగా అన్నాడు. తాళం ఉన్నట్టే ఉంది. కిటికీ చువ్వల మధ్య బూజు తెగలేదు. నేల మీద నేను మధ్యాహ్నం ఊడ్చిన గీతల మీద మా ఇద్దరి అడుగులే ఉన్నాయి. ఉన్న తాళంచెవి ఒకటే, అది ఆయన మొలతాడుకు ఉంది. ఈ మాట సేఠ్‌కు చెబితే అతను ఎవరి వంక చూస్తాడో ఇద్దరికీ తెలుసు. మంగళవారానికి మూడు రోజులు.

ఆదివారం ఇంట్లో బియ్యం డబ్బా అయిపోయింది. అయిపోయిన రోజున దాన్ని కడిగి ఎండబెట్టడం నా నియమం. కడిగాను, వానల మధ్య కాసిన ఎండలో రెండు గంటలు బోర్లించాను, గుడ్డతో తుడిచి మూత పెట్టాను. 'బియ్యం డబ్బా కడిగాను, ఖాళీ' అని డైరీలో కూడా రాశాను. సాయంత్రం నా భర్త కొత్త సంచి విప్పి, పోద్దామని మూత తీశాడు.

"అడుగున పిడికెడు బియ్యం ఉన్నయి గదా. కడిగిన్నంటివి?"

వంగి చూశాను. తడి లేని, తెల్లటి బియ్యం. నడిమధ్యన.

"ఎవరు పోసిండ్రు?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎవలు పోస్తరు? నువ్వే. ఎప్పుడు జూడు, డబ్బా ఖాళీగ మూయవు గద. మీ అవ్వ పోయిందిగని ఆమె పిడికెడు పోలే."

నవ్వుతూనే అన్నాడు. నేను డబ్బా అంచు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

అమ్మను నేను అవ్వ అనే పిలిచేదాన్ని. ఆమె కళ్లాల మీద కైకిలి కూలికి పోయి వడ్లు తెచ్చేది. మట్టి కుండలో పోసేది. కుండ ఎంత అడుగంటినా పిడికెడు మిగిల్చే తీసేది. ఒకవేళ కడగవలసి వస్తే ఆ పిడికెడు చేటలో పెట్టి, కడిగి, ఆరబెట్టి, మూత పెట్టే ముందు మళ్లీ లోపల వేసేది. ఖాళీ కుండ మీద మూత పెడితే ఇల్లు ఖాళీ అవుతుందని ఆమె నమ్మకం. రోజూ సాయంత్రం పొయ్యి దగ్గర నుంచే అడిగేది: "కుండల పిడికెడున్నదా?" చూసి చెప్పడం నా పని. "ఉన్నదవ్వా" అనేదాన్ని. పెళ్లై వెళ్లేదాకా ప్రతి సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు.

ఆమె ఫిబ్రవరిలో పోయింది. దినాలు చేసి నేను తిరిగి పనిలోకి వెళ్లింది మార్చి మూడు, సోమవారం. రిజిస్టర్ షెడ్డులో ఉంది. కాని నాకు ఆ పేజీ చూడవలసిన పని లేకపోయింది. ప్రతిరోజూ బయల్దేరే ముందు షెడ్డులోనే మొత్తం తేడాను నా డైరీలోకి ఎక్కిస్తాను. డైరీ తెరిచాను. ఫిబ్రవరి దాకా తేడా పది గ్రాములు, ఎనిమిది, పన్నెండు. మార్చి మూడున పళ్లెంలో మిగిలినదానికి, మరునాడు డబ్బాలో ఉన్నదానికి మధ్య నూట అరవై ఎనిమిది తక్కువ. నాలుగున నాజిల్‌లోంచి నూట డెబ్బై ఎక్కువ. మొదటిసారి 'కాంటా పొరపాటు' అని రాసింది ఆ రోజే.

లైటు కిందికి పట్టుకుంటే ఇంకొకటి కనిపించింది. మార్చి నుంచి ప్రతి పేజీ కుడి అంచున, నా అరచేయి ఆనే చోట, బూడిదరంగు మెరుపు. పనిలో ఇద్దరికీ చేతి తొడుగులు తప్పనిసరి. రాసేటప్పుడు మాత్రం కుడిచేతిది తీసేస్తాను. ఐదు గంటలకు షెడ్డులో తొడుగు లేని చెయ్యి ఒక్కటే ఉంటుంది.

నాకు ఏమీ గుర్తు లేదు. మూత బిగించినది గుర్తుంది, వేళ రాసినది గుర్తుంది, టార్చి వెలుగులో ఖాళీగా మెరిసిన అడుగు గుర్తుంది. వాటి మధ్యన ఒక చిన్న సందు ఉండాలి. ఇరవై ఆరేళ్ల డైరీలో ఎక్కడా రాయని సందు. అందులో నా చెయ్యి నాకు చెప్పకుండా వెళ్లి వస్తోంది.

సోమవారం చాచాను కాంటా దగ్గర నిలబడమన్నాను. కుడి తొడుగు తీసి డబ్బాలోంచి పిడికెడు తీసి పళ్లెంలో పెట్టాను. నూట డెబ్బై ఒకటి. మళ్లీ తీశాను. నూట అరవై తొమ్మిది. ఆయన్ని కూడా తీయమన్నాను. పెద్ద చెయ్యి, లేత్ పట్టిన చెయ్యి. రెండు వందల ముప్పై ఐదు. అప్పుడు అవ్వ సంగతీ, బియ్యం డబ్బా సంగతీ చెప్పాను. దొంగ చెయ్యి ఉంటే అది నాదేనని చెప్పాను.

చాచా పళ్లెంలోకి చూశాడు. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అనుకున్నాను.

"నేను చూడలే బిడ్డా," అన్నాడు. "గని విన్న."

"ఏం విన్నవు?"

"రోజూ నేను చాప మీద ఉన్నప్పుడు లోపల నువ్వు మాట్లాడుతవు. మూత చప్పుడైతది. గప్పుడే 'ఉన్నదవ్వా' అంటవు. ఒక్కసారే. మెల్లగ."

కాంటా మీద అంకె వెలుగుతూనే ఉంది.

"ఎన్ని రోజుల నుంచి?"

"మీ అవ్వ పోయిన కాడి నుంచి. దుఃఖం గద, మధ్యల మనమెందుకు మాట్లాడుడని ఊకున్న." గొంతు తగ్గించి అన్నాడు: "నువ్వు జవాబు చెప్తున్నట్టుండేది. అందుకే జర భయం గూడా అయింది."

ఆయన తన పని పోయే గండంలో ఉండి కూడా ఆ మాట సేఠ్ ముందు ఎత్తలేదు. ఎత్తి ఉంటే అనుమానం నా మీదికి మళ్లేది.

మధ్యాహ్నం సేఠ్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. తేదీలు, తూకాలు, డబ్బాలో తగ్గినదీ షాఫ్టు మీద పెరిగినదీ ఒకటే కావడం, రెండు చేతుల పిడికెళ్ల బరువు, అన్నీ వరసగా చదివాను. చాచా చేతిలోంచి ఒక్క గ్రాము కూడా పోలేదని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టానని చెప్పాను. "ఇంత చదువుకోని గిదేంది మేడం" అన్నాడు. మూడోది మంచిగ వస్తేనే ఈ కథ నమ్ముతానని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం వరస మార్చాం. హాపర్‌ను విప్పి, దులిపి, పొడి ఆరబెట్టే పెట్టెలోనే పెట్టాం. మూత చాచా బిగించాడు. నేను రెండు చేతులూ రిజిస్టర్ మీదే ఉంచాను.

మంగళవారం ఉదయం ఏడు గంటలకు మూడో షాఫ్టు ఎక్కించాం. నల్లద్దం వెనుక తెల్లటి చుక్క పుట్టింది. గడియారం పట్టుకున్నాను. ఒక నిమిషం, ఐదు, తొమ్మిది. చాచా పెదవులు ఏదో చదువుతున్నాయి. పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు దాటాయి. చుక్క ఉబ్బలేదు, తగ్గలేదు. ఇసుక జారుతూనే ఉంది. మధ్యాహ్నం నునుపు చేసి, ఎరుపు పూసి, తుడిచి, తెలుపు చల్లాం. ఇద్దరం ఎదురుగా స్టూళ్ల మీద కూర్చుని తెలుపును చూశాం. అరగంట చూశాం. తెల్లగానే ఉంది. సాయంత్రం లోపు రైతులు ట్రాలీ తెచ్చి తీసుకెళ్లారు. సేఠ్ అప్పుడే వచ్చాడు. రిజిస్టర్ తిప్పాడు, చాచా భుజం మీద చెయ్యి వేసి, చాయ్ తాగుదాం పా అన్నాడు. ఇంట్లో కూర్చోమన్న మాట మళ్లీ ఎత్తలేదు. చాచా చాయ్ తాగాడు కాని, తాగుతున్నంతసేపు గ్లాసును రెండు చేతులతో, అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు.

అప్పటి నుంచి ఆయన నమాజు చేసుకుని వచ్చిన తరవాతే మూత. తేడా పది గ్రాములు, తొమ్మిది, పదకొండు. పేజీల అంచులు తెల్లగా ఉన్నాయి. ఐదు దాటాక, ఆయన వరండాలో ఉండగా, రేకులు చల్లబడుతూ టిక్కుమంటాయి. ఆ కొద్దిసేపట్లో నా కుడిచెయ్యి బల్ల మీద కొంచెం కదులుతుంది. కొన్ని రోజులు చూశాక అది కదిలే వేళ కూడా రాసుకున్నాను. ఐదు గంటల ఎనిమిది, తొమ్మిది నిమిషాల మధ్య. అప్పుడు దానికి కలం ఇచ్చి పట్టుకోమంటాను.

చాప మడిచి చాచా గడప బయటి నుంచే అడుగుతాడు, "ఖాళీనా బిడ్డా?"

లోపలికి వంగి, టార్చి వేసి, చూసి చెప్పాలి. మొదటి రోజు ఆ మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. పక్కనే ఇంకెవరో వింటున్నట్టు అనిపించింది.

"ఖాళీ చాచా," అంటాను ఇప్పుడు. వేళ రాస్తాను.